టెంటు గోడ మీద నీటి చుక్కలు

మొదటిసారి క్యాంపింగ్‌కి వెళ్ళినప్పటి సంగతి ఎవరైనా అడిగితే నాకు కొండలూ సరస్సూ ఆ తర్వాతెప్పుడో గుర్తొస్తాయి. ముందు గుర్తొచ్చేది తెల్లారగట్ల నా ముక్కు మీద టప్పున పడిన ఒక చల్లటి నీటి చుక్క.

అప్పటికి మా బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఐదు. మావారి అక్కా బావా ఏళ్ళ తరబడి టెంటు పట్టుకుని అడవుల్లోనూ కొండల్లోనూ తిరిగినవాళ్ళు. "ఈ సెలవులకి మాతో రండి, మూడు రాత్రులే కదా" అని వదిన ఫోన్ చేసింది. నాకు ఇష్టం లేదు. ఇష్టం లేకపోవడం కంటే భయం అనడం సరిగ్గా ఉంటుంది. పిల్లలకి జ్వరం వస్తేనో? పాము కనిపిస్తేనో? రాత్రిపూట బాత్రూంకి ఎక్కడికి వెళ్ళాలి? పైగా నాకు పక్క మారితే నిద్ర పట్టదు. నేను అడిగిన ప్రతిదానికీ వదిన ఒకటే జవాబు చెప్పింది. "వచ్చి చూడమ్మా. నచ్చకపోతే మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోదురుగాని." వెనక్కి వెళ్ళిపోవచ్చు అన్న ఆ మాటే నన్ను బయల్దేరదీసింది.

సరస్సు చూడగానే పిల్లలు ఆగలేదు. నీళ్ళ అంచునే ఒక చదునైన చోటు చూసి మేం సామాన్లు దింపేశాం. అన్నయ్యగారు వచ్చి చూసి, "ఇక్కడొద్దమ్మా" అన్నారు. రాత్రిపూట జంతువులు నీళ్ళకి వచ్చే దారిలో మనం అడ్డంగా పడుకోకూడదట. ఒడ్డు మెత్తటి నేల, మనుషులు మసిలేకొద్దీ పాడైపోతుందట. నీటికి కనీసం 60 మీటర్లు ఎడంగా ఉండాలన్నది క్యాంపింగ్ చేసేవాళ్ళు పాటించే పద్ధతి. సరేనని జరిగాం. ఈసారి గాలి తగలకుండా వెచ్చగా ఉంటుందనుకుని చిన్న పల్లం లాంటి చోటు ఎంచుకున్నాం. వదిన వాళ్ళ టెంటు మాకంటే కాస్త ఎత్తులో, చెట్ల పక్కన. టెంటు పరిచే ముందు అన్నయ్యగారు నేలని చూడలేదు, తలెత్తి పైకి చూశారు. ఎండిపోయి వేలాడే కొమ్మ ఏదైనా ఉందేమోనని. ఆ అలవాటు నాకు అప్పుడే పట్టుకుంది. ఇప్పటికీ ఏ చెట్టు కింద కూర్చోబోయినా ముందు నా తల పైకి లేస్తుంది.

టెంటు నిలబెట్టడానికి మాకు గంటన్నర పట్టింది. కడ్డీలు లోపల సాగే తాడుతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి. విదిలిస్తే ఒక్కొక్కటీ టకటకా వచ్చి ఇమిడిపోతాయి. బాబుకి ఆ చప్పుడు ఎంత నచ్చిందంటే, మడిచి మళ్ళీ మళ్ళీ విదిలించాడు. మేకులు నేను నిటారుగా దించేశాను. అన్నయ్యగారు అవన్నీ పీకించి, తల టెంటుకి దూరంగా వాలేలా ఏటవాలుగా మళ్ళీ కొట్టించారు. తాడు లాగే వైపుకే మేకు వాలి ఉంటే ఊడి వచ్చేస్తుందట. చీకటి పడేసరికి టెంటు నిలబడింది. లోపలికి దూరి పిల్లలిద్దరూ పొర్లాడుతుంటే, ఆ పసుపుపచ్చ వెలుతురులో, ఇదేం పెద్ద కష్టం కాదులే అనిపించింది.

రాత్రి పదకొండుకి మెలకువ వచ్చింది. చలి పైనుంచి వస్తుందనుకుంటాం. నాకు కిందనుంచి వచ్చింది. వీపులోకి, నడుములోకి, నేల ఒంట్లోని వేడినంతా పీల్చేసుకుంటున్నట్టు. మేం తీసుకెళ్ళినవి మామూలు గాలి పరుపులు. ఇంట్లో ఊది చూసినప్పుడు మెత్తగా, ఎత్తుగా భలే ఉన్నాయి. కానీ లోపలున్న గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంటి వేడిని తీసుకెళ్ళి నేలకి అప్పజెబుతుంది. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందమైనదైనా, మన బరువుకి కింది భాగం నలిగిపోయి అందులో గాలి మిగలదు, వెచ్చదనమూ మిగలదు. క్యాంపింగ్ మొదలుపెట్టేవాళ్ళు నన్ను ఏం కొనాలని అడిగితే టెంటు గురించి తర్వాత మాట్లాడదాం, ముందు కింద వేసుకునే మ్యాట్ మంచిది కొనుక్కోండి అంటాను. దాని మీద ఆర్ వాల్యూ అని ఒక అంకె ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే నేల చలి అంత తక్కువ తగులుతుంది. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కలుస్తాయి కూడా. ఈ సంగతి ఆ రాత్రి నాకు తెలిసి ఉంటే!

స్లీపింగ్ బ్యాగుల దగ్గరా అలాగే జరిగింది. లేబుల్ మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటే, అన్నిటికంటే తక్కువ అంకె చూసి ఇది చాలులే అనుకున్నాను. చూడవలసింది కంఫర్ట్ అని రాసిన అంకె. అది ఒక సగటు మహిళ హాయిగా పడుకోగల ఉష్ణోగ్రత. దాని కింద రాసే లిమిట్ అన్నది ఒక సగటు మగమనిషి ముడుచుకుని పడుకుని ఎలాగో నెట్టుకురాగల హద్దు. చలికి ఆగలేక పాపని నా బ్యాగులోకి లాక్కున్నాను. కాసేపటికి బాబు నిద్రలోనే జరిగి జరిగి నా వీపుకి ఆనుకున్నాడు. అటువైపు నుంచి మావారు తన జాకెట్ తీసి మా ముగ్గురి మీదా కప్పారు. మేం ఎంచుకున్న పల్లం అసలు కారణమని ఆ తర్వాత తెలిసింది. చల్లగాలి బరువు, నీళ్ళలాగే పల్లానికి జారి నిలబడిపోతుంది. చలి లోపలికి రాకుండా నేను టెంటు కిటికీలూ పైనున్న గాలి కంతలూ అన్నీ జిప్పులు లాగి బిగించేశాను.

ఆ తెల్లారగట్లే నా ముక్కు మీద చుక్క పడింది. చెయ్యెత్తి తడిమితే గోడంతా తడి. బ్యాగుల మీద తడి. పాప జుట్టు చివర్లు తడి. కొత్త టెంటు, ఒక్క రాత్రికే కారిపోతోందని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బయటికి వస్తే వాన పడిన జాడే లేదు.

వదిన స్టవ్ దగ్గర టీ పెడుతోంది. నా మొహం చూసి లేచి వచ్చి, టెంటు లోపలికి తల పెట్టి చూసింది. "కారలేదమ్మా. ఇది మీ ఊపిరే" అంది.

నాకు అర్థం కాలేదు. నిద్రపోయే మనిషి రాత్రంతా ఊపిరితోనూ చర్మం మీదుగానూ సుమారు పావు లీటరు నీటిని ఆవిరిగా వదులుతాడని, నలుగురం కలిపితే దాదాపు లీటరు అని వదిన లెక్కగట్టి చెప్పింది. కంతలు మూసేస్తే ఆ ఆవిరికి పోయే దారి లేదు. చల్లటి గుడ్డకి తగిలి మళ్ళీ నీళ్ళైపోతుంది. చలి వేసినా పైన గాలాడనివ్వాలి అని చెప్పి, చేతిలోకి ఒక పాత నూలు తువ్వాలు ఇచ్చి తుడవమంది.

తుడవబోతుంటే బాబు, "ఆగమ్మా" అన్నాడు. వాడు పడుకున్న చోట తల పైన గోడ మీద వేలు పెట్టి, "ఇవి నావి" అన్నాడు. పాప వెంటనే లేచి, "ఇవి నావి, ఇది నాన్నది, ఆ పెద్ద చుక్క అమ్మది" అని పంచేసింది. ఒక చుక్క జారి ఇంకో చుక్కలో కలిసిపోతే అదెవరిదని ఇద్దరూ వాదించుకున్నారు. రాత్రంతా నన్ను ఏడిపించిన నీళ్ళని వాళ్ళు అలా పంచుకుంటుంటే నాకు కదలబుద్ధి కాలేదు. తువ్వాలు రెండుసార్లు పిండాల్సి వచ్చింది. గడ్డి మీద నీళ్ళు ధారగా కారాయి.

ఆ పొద్దున వెళ్ళిపోదామని నేను అనలేదు. ఎందుకో చెప్పలేను. బహుశా పక్షుల వల్ల కావచ్చు. పొద్దు పొడవక ముందే ఒకటి మొదలుపెట్టింది, తర్వాత రెండు, ఆ తర్వాత చెట్లన్నీ కూస్తున్నట్టే ఉంది. ఇరవై నాలుగు గంటల్లో అన్నిటికంటే ఎక్కువ చలి వేసే వేళ అదే. రాత్రంతా నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూనే ఉంటుంది, సూర్యుడు వచ్చి కాస్త పైకెక్కేదాకా ఆ నష్టం పూడదు. చేతుల మధ్య టీ కప్పు పట్టుకుని, సరస్సు మీదనుంచి పొగమంచు లేస్తుంటే చూస్తూ వణుకుతూ నిలబడ్డాను. ఎండ మొదట ఎదుటి కొండ కొసకి తగిలింది. తర్వాత చెట్ల మీదికి దిగింది. మా కాళ్ళ దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో. వచ్చాక పాప చేతులు చాపి, "అమ్మా, వేడి వచ్చేసింది" అంది. ఎవరో చుట్టం వచ్చినట్టు.

పగళ్ళు ఎలా గడిచాయో విడివిడిగా చెప్పలేను. నీళ్ళు మోయడం, గిన్నెలు కడగడం, పుల్లలు ఏరడం. ఇంట్లో పది నిమిషాల్లో అయ్యే పనికి ఇక్కడ గంట పడుతుంది. మొదటిరోజు ఆ నిదానం నాకు చిరాకు తెప్పించింది. రెండో రోజుకి ఆ పనులే కాలక్షేపం అయిపోయాయి. మా ఇంట్లో గ్లాసు తీసి పక్కన పెట్టని బాబు, ఇక్కడ సరస్సు నుంచి బకెట్ తొణక్కుండా తేవడం తన బాధ్యతగా పెట్టుకున్నాడు.

సాయంత్రాలు నెగడు. అన్నయ్యగారు వెలిగించే పద్ధతి నేను పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ముందు అగ్గిపుల్లంత సన్నటి చితుకులు, వాటి మీద పెన్సిలంత పుల్లలు, ఆ తర్వాతే బొటనవేలంత కట్టెలు. గాలి ఆడటానికి సందు వదలాలి. తొందరపడి పెద్ద మొద్దు పెట్టేస్తే పొగే మిగులుతుంది. ఆ పొగ మనం ఎటు జరిగితే అటే వస్తుంది. మంట పైకి లేస్తూ చుట్టూ ఉన్న గాలిని లాక్కుంటుంది కదా, మనం అడ్డంగా కూర్చున్న వైపు నుంచి గాలి సరిగ్గా అందక, పొగ అటే మళ్ళుతుందట. కళ్ళు మండేవి, జుట్టూ బట్టలూ పొగ వాసన. చీకటి పడగానే దోమలు. దూరం నుంచి దోమలకి మనల్ని పట్టిచ్చేది మనం వదిలే కార్బన్ డయాక్సైడ్. ఇది కూడా ఊపిరి సంగతే. నిండు చేతుల బట్టలు వేసుకుని, మడమల దాకా సాక్సులు లాక్కుని కూర్చునేవాళ్ళం. నిప్పుల కింద పూడ్చిన బంగాళాదుంపలు తీసి, పైన మాడిన పొట్టు ఊదుకుంటూ ఒలిస్తే లోపలినుంచి ఆవిరి మొహానికి కొట్టేది. పాప మూతి నిండా మసి.

తొమ్మిదింటికల్లా పిల్లలు కళ్ళు మూసేసేవాళ్ళు. ఇంట్లో పదిన్నరకి కూడా పడుకోని పిల్లలు. అలసట వల్ల అనుకున్నాను. తర్వాత చాలా కాలానికి ఒక పరిశోధన గురించి చదివాను. 2013లో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించింది. ఎనిమిది మందిని వారం పాటు కొండల్లో క్యాంపింగ్‌కి పంపారు. పగలు ఎండ, రాత్రి నెగడు, అంతే. టార్చి కూడా ఉండకూడదు. వారం తిరిగేసరికి వాళ్ళ ఒంట్లో నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ అంతకుముందు కంటే సుమారు రెండు గంటలు ముందే పెరగడం మొదలైంది. చదువుతుంటే నాకు నెగడు పక్కన తల వాల్చేసిన పాపే కళ్ళముందు కనిపించింది.

రెండో రాత్రి వాన. ఇది మాత్రం నిజంగా కష్టమైన రాత్రి, తియ్యగా మార్చి చెప్పలేను. టెంటు కింద నేల తడి తగలకుండా టార్పాలిన్ పరిచాం కదా, అది టెంటు అంచుల కంటే నాలుగు వేళ్ళు బయటికి వచ్చి ఉంది. ఎంత చిన్న తప్పో చూడండి. టెంటు మీదనుంచి జారిన నీళ్ళన్నీ ఆ అంచు మీద పడి, టార్పాలిన్ మీదుగా నేరుగా మా కిందికి వచ్చేశాయి. పైనున్న నైలాన్ గుడ్డ తడికి సాగి కిందికి వేలాడి, లోపలి గుడ్డకి తగిలింది. తగిలిన చోటల్లా చెమ్మ. అర్ధరాత్రి పాప ఏడుపు. నాకు కోపం వచ్చింది. ఆయన మీద, వాన మీద, ఒప్పుకున్నందుకు నా మీద. "తెల్లారగానే వెళ్ళిపోదామండీ" అన్నాను. ఆయన "సరే" అని వానలోకి వెళ్ళి, టార్పాలిన్ అంచులు లోపలికి మడిచి, తాళ్ళు బిగించి, నిలువెల్లా తడిసి వచ్చారు.

అంతలో బయట హెడ్‌ల్యాంప్ వెలుగు. "పిల్లల్ని ఇలా ఇవ్వండి" అంటూ అన్నయ్యగారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇద్దరు పట్టే వాళ్ళ టెంటులో ఆరుగురం కూర్చున్నాం. కాళ్ళు చాపడానికి లేదు. పాప వాళ్ళ మావయ్య ఒళ్ళో పడుకుంది. వదిన నా తల తుడిచింది. పెళ్ళయి పదకొండేళ్ళు, ఆవిడ పెద్దరికానికి నేను ఎప్పుడూ కాస్త దూరంగానే ఉండేదాన్ని. తువ్వాలుతో నా తల తుడుస్తూ ఆవిడ, తన మొదటి క్యాంపింగ్‌లో గాలికి టెంటు కొట్టుకుపోయి రాత్రంతా కార్లో కూర్చుని ఏడ్చిన సంగతి చెప్పింది. "మరి మళ్ళీ ఎందుకు వెళ్ళారు వదినా?" అని అడిగాను. "మర్నాడు ఎండ వచ్చింది" అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు. వాన గుడ్డ మీద పడే చప్పుడు ఇంత దగ్గరగా వినడం నాకదే మొదలు. ఇంటి కప్పు మీద వాన పడితే చప్పుడు వింటాం. టెంటు మీద పడితే ప్రతి చుక్కా విడిగా వినిపిస్తుంది.

మర్నాడు ఎండ వచ్చింది. చెట్టుకీ చెట్టుకీ మధ్య తాడు కట్టి బ్యాగులు, బట్టలు, పాప బొమ్మ కుందేలు అన్నీ ఆరేశాం. టెంటు పల్లంలోంచి తీసి ఎత్తుకి మార్చాం. వదిన వాళ్ళ దగ్గరున్న అదనపు ఫోమ్ మ్యాట్లు మా గాలి పరుపుల మీద వేశాం. వెళ్ళిపోదామన్న మాట ఎవరూ ఎత్తలేదు. జాలీ తలుపుకి వానలో ఎక్కడో తగిలి పడిన చిరుగుకి నేను సూదీ దారంతో అతుకు వేస్తుంటే అన్నయ్యగారు ఒక సంగతి చెప్పారు. సరదా కోసం క్యాంపింగ్ చేయడాన్ని ఊరూవాడా తెలిసేలా చేసినవాళ్ళలో ముఖ్యుడు థామస్ హిరామ్ హోల్డింగ్ అనే ఆయన, వృత్తికి దర్జీ. 1901లో ఇంగ్లండ్‌లో సైకిల్ క్యాంపర్ల సంఘం మొదలుపెట్టింది ఆయనే. తేలికపాటి టెంటు ఒక దర్జీ చేతిలోంచి వచ్చిందని తెలిసి, చేతిలో సూది పట్టుకుని ఉన్న నాకు ఎంతో నచ్చింది.

మూడో రాత్రి రెండింటికి పాప లేపింది. "అమ్మా, బాత్రూం." నేను అన్నిటికంటే భయపడ్డది దీనికే. చీకట్లో, పిల్లని పట్టుకుని, వంద అడుగులు. అన్నయ్యగారు చెప్పినట్టు హెడ్‌ల్యాంప్‌లో ఎర్ర లైటు వేసుకున్నాను. ఎర్ర వెలుగైతే చీకటికి అలవాటు పడిన కళ్ళు అంతగా చెదరవు. బూట్లు తిరగేసి దులిపి తొడుక్కుని, చెయ్యి పట్టుకుని వెళ్ళాం. గడ్డి మీద మంచుకి పైజమా అంచులు తడిసిపోయాయి. తిరిగి వస్తుంటే పాప ఆగి పైకి చూసి, "అమ్మా, మబ్బు పట్టింది. మళ్ళీ వానొస్తుందా?" అంది.

నేనూ చూశాను. ఆకాశానికి ఈ చివరినుంచి ఆ చివరిదాకా పల్చటి తెల్లటి చార. నాకూ ఒక్క క్షణం గుండె జారింది, మళ్ళీ వానే అనుకుని. కానీ అది కదలడం లేదు. లైటు ఆర్పేశాను. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మేం అక్కడే నిలబడి ఉండగా, చార మధ్యలో నల్లటి పాయలు తేలాయి, అంచుల్లో నక్షత్రాలు పొడిపొడిగా విడిపోయాయి. పుస్తకాల్లో చదివిన పాలపుంత. నా ముప్పై ఆరేళ్ళ జీవితంలో నేను దాన్ని చూడలేదు. అది రోజూ నా నెత్తిమీదే ఉంది, వీధి దీపాల వెలుగులో నాకు కనిపించలేదు అంతే.

"మబ్బు కాదమ్మా, అవన్నీ నక్షత్రాలే" అన్నాను. పాప కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అన్నయ్యని లేపుదామా?" అంది. లేపాం. మావారినీ లేపాం. నలుగురం స్లీపింగ్ బ్యాగులు బయటికి ఈడ్చుకొచ్చి మ్యాట్ల మీద వెల్లకిలా పడుకున్నాం. మావారు సప్తర్షి మండలంలో తోకకి అవతలి చివరనున్న రెండు నక్షత్రాల్ని కలిపి గీత పొడిగిస్తే ధ్రువ నక్షత్రం తగులుతుందని వేలితో చూపించారు. ఆయనకి ఇవన్నీ తెలుసని నాకు అప్పుడే తెలిసింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఎవరి నోట్లోంచి మాట వచ్చినా తెల్లటి ఆవిరి లేచి నక్షత్రాలకి అడ్డం వచ్చి కరిగిపోయేది.

ఆ తర్వాత ఏటా వెళ్ళాం. మరుసటి ఏడు బాబు మామూలు కంటితోనే ఆండ్రోమెడా గెలాక్సీని వెతికి పట్టుకున్నాడు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక చిన్న మసక మచ్చ. పాప ఈత నేర్చుకున్నది సరస్సులోనే. టెంటుకి నేను వేసిన అతుకులు నాలుగయ్యాయి. తడిసిన టెంటుని ఇంటికి రాగానే ఆరబెట్టకపోతే బూజు పడుతుందని, తిరిగొచ్చిన ప్రతిసారీ మా హాల్లో కుర్చీల మీద రెండు రోజులు అది పరుచుకుని ఉండేది. పిల్లలు దాని కిందే హోంవర్కు చేసుకునేవాళ్ళు. అన్నయ్యగారు పోయాక వదిన రావడం మానేసింది. కానీ బయల్దేరే ముందు ఫోన్ చేసి, "పైకి చూసి వెయ్యండి" అని మాత్రం చెబుతుంది.

పిల్లలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. నిరుడు మొదటిసారి మేమిద్దరమే వెళ్ళాం. చిన్న టెంటు కొందామన్నారు ఆయన, నేను వద్దన్నాను. నలుగురు పట్టే ఆ పాతదే వేశాం. మధ్యలో చాలా జాగా మిగిలింది, అక్కడ సంచులు పెట్టుకున్నాం. తెల్లవారాక అలవాటు ప్రకారం నూలు తువ్వాలు తీసుకుని గోడ తుడవడం మొదలుపెట్టాను. మా వైపు కాస్త చెమ్మ తగిలింది. పిల్లలు పడుకునే వైపు గోడ దాదాపు పొడిగా ఉంది. బయటికి వచ్చి గడ్డి మీద తువ్వాలు పిండాను. నీళ్ళు కారలేదు.